జూనియర్లని ప్రోగ్రాములకి తీసుకెళ్తున్నారా? ముందు తిరిగొచ్చే దారి చూసుకోండి

కొత్త బ్యాచ్ హాస్టల్లో దిగిన నెలా నెలన్నరకి ఒక దశ వస్తుంది. క్లాసులు ఎక్కడో తెలిసిపోతాయి, మెస్‌లో ఏ రోజు ఏం పెడతారో తెలిసిపోతుంది, ఇక శని ఆదివారాలు వచ్చేసరికి సగం మంది ఫోన్ పట్టుకుని మంచం మీద, మిగతా సగం ఊరికెళ్ళే బస్సులో. హైదరాబాద్‌లో చదువుతున్నాం అని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు గానీ వాళ్ళు చూసిన హైదరాబాద్ అంటే హాస్టల్, జిరాక్స్ షాపు, ఒక మాల్, ఒక బిర్యానీ హోటల్. వాళ్ళననడానికి ఏం లేదు. ఎవరో ఒకరు మొదటిసారి వెంటబెట్టుకుని తీసుకెళ్తే తప్ప, రవీంద్రభారతిలో చాలా కార్యక్రమాలకి టికెట్టే ఉండదని, నడుచుకుంటూ లోపలికెళ్ళి కూర్చోవచ్చని ఎవరికి తెలుస్తుంది? ఆ తీసుకెళ్ళే సీనియర్ మీరైతే ఇది మీ కోసం. ఉస్మానియా, ఇఫ్లూ, హెచ్‌సీయూ, జేఎన్‌టీయూ, సిటీలో ఏ డిగ్రీ కాలేజీ అయినా పద్ధతి ఒకటే. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, విశాఖలో కళాభారతి దగ్గర్లో ఉన్నవాళ్ళు కూడా ఊళ్ళ పేర్లు మార్చుకుని ఇదే వాడుకోవచ్చు.

అందరూ చేసేది ఏంటంటే, ముందు ప్రోగ్రాం ఎంచుకుంటారు, తర్వాత ఎవరెవరు వస్తారో చూస్తారు, ఎలా వెళ్ళాలో మాట్లాడుకుంటారు, ఎలా తిరిగి రావాలో మాత్రం రాత్రి తొమ్మిదిన్నరకి రోడ్డు మీద నిలబడి ఆలోచిస్తారు. దీన్ని తిరగేయండి. హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు అన్నది మొదటి ప్రశ్న. అబ్బాయిల హాస్టల్ గేటు కాదు, మీ గుంపులో అందరికంటే ముందు మూసే గేటు. చాలాచోట్ల అది అమ్మాయిల హాస్టల్‌దే అవుతుంది. ఆ టైం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. గేటు తొమ్మిదిన్నరకి అయితే తొమ్మిదిం పావుకి అక్కడ ఉండాలి, మెట్రో దిగి లోపలికి నడకో ఆటోనో ఇరవై నిమిషాలు, రైల్లో ముప్పావుగంట, ప్లాట్‌ఫాం మీద పోగయ్యేసరికి ఇంకో పది నిమిషాలు. అంటే ఎనిమిదికి హాల్లోంచి లేవాలి. అప్పుడు ఆరింటికి మొదలయ్యే ప్రోగ్రాం పనికొస్తుందా లేదా అన్నది మీకే తెలిసిపోతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. మన తెలుగు సభల్లో ఆరింటికి అని కార్డు మీద వేస్తే డాన్స్ ఆరింటికి మొదలవుతుందని కాదు. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి పెద్దల్ని ఒక్కొక్కర్నీ పిలవడం, తలా రెండు ముక్కలు అంటూ తలా పావుగంట, శాలువాలు, జ్ఞాపికలు, ఫోటోలు. అసలు నాట్యం ఏడుకి మొదలైతే అదృష్టం. నేను శాలువాలకి వ్యతిరేకిని కాదు, కానీ మొదటిసారి వచ్చిన పద్దెనిమిదేళ్ళ పిల్లాడు ఆ గంట తట్టుకోలేక ఇంకెప్పుడూ రానంటాడు. అందుకని కార్డులో ముందు సభ, తర్వాత ప్రదర్శన అని ఉంటే అరగంట ఆలస్యంగానే వెళ్ళండి. ప్రదర్శన ఒక్కటే ఉంటే మాత్రం టైంకి ముందే కూర్చోండి.

ఎంతమంది?

ఎనిమిది మంది, మహా అయితే పది. ఇరవై ఐదు మందిని వేసుకుని బయల్దేరితే పెళ్ళివారి బస్సు లాగే ఉంటుంది, ఒకరు ఎక్కితే ఇంకొకరు దిగిపోతారు. ఎనిమిదైతే ఒకే మెట్రో బోగీలో పడతారు, రెండు మూడు ఆటోల్లో సరిపోతారు, హాల్లో ఒకే వరసలో కూర్చుంటారు, తిరిగొచ్చేటప్పుడు తలలు లెక్కపెట్టడం ఒక్క చూపులో అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఎనిమిది మందిలో ఎవరూ పూర్తిగా మాట్లాడకుండా ఉండలేరు. పాతిక మందిలో ముగ్గురు నలుగురు పొద్దున్నుంచి రాత్రి దాకా నోరు విప్పకుండా వచ్చి వెళ్ళిపోతారు, వాళ్ళు వచ్చారని కూడా మీకు గుర్తుండదు. నిజానికి ఈ తిరుగుళ్ళన్నీ వాళ్ళ కోసమే కదా. గడగడా మాట్లాడే వాళ్ళు మీరు లేకపోయినా ఎక్కడికైనా వెళ్ళగలరు.

ఎక్కువమంది వస్తామంటే రెండు బ్యాచులు చేయండి, ఒక్కో బ్యాచుకి ఒక సీనియర్ బాధ్యత. వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే నలభై మంది "వస్తాం" నొక్కుతారు, దాన్ని నమ్మకండి. పేరు రాయమనండి, శుక్రవారం రాత్రి ఒక్కొక్కరికీ విడిగా "రేపు వస్తున్నావు కదా" అని ఒక మెసేజ్ పెట్టండి. ఆ విడి మెసేజ్‌కి ఉన్న బలం గ్రూపు మెసేజ్‌కి ఉండదు. మాట్లాడని పిల్లలు గ్రూపులో ఏమీ అడగరు, విడిగా మాత్రం "అన్నా, ఎంత అవుతుంది?", "అక్కా, మా రూమ్మేట్‌ని కూడా తీసుకురావచ్చా?" అని అడుగుతారు.

గ్రూపులో పెట్టే మెసేజ్ ఎలా ఉండాలంటే, చదివాక ఎవరూ ఇంకో ప్రశ్న అడగాల్సిన అవసరం రాకూడదు. ఉదాహరణకి ఇలా:

"శనివారం రవీంద్రభారతిలో కూచిపూడి. టికెట్ లేదు. 4:45కి హాస్టల్ మెయిన్ గేటు, 5కి బయల్దేరతాం, ఆగం. తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగుతాం. 8కి హాల్లోంచి లేస్తాం, 9:15కి హాస్టల్. ఖర్చు రానూపోనూ మెట్రో, ఒక చాయ్, అంతే. ఎనిమిది మందికే చోటు. కాలేజీ ఐడీ కార్డు తెచ్చుకోండి. నచ్చకపోతే మధ్యలో లేవచ్చు, నాకు చెప్పి లేవండి."

ఆ చివరి వాక్యం తీసెయ్యకండి. మధ్యలో లేవచ్చు అని తెలిస్తేనే భయం లేకుండా వస్తారు, వచ్చినవాళ్ళు దాదాపు ఎప్పుడూ లేవరు.

మొదటి ట్రిప్ ఎక్కడికి?

ఊరికే వెళ్ళగలిగేది, మెట్రోకి దగ్గర్లో ఉన్నది, నచ్చకపోతే బయటికి రాగలిగేది. ఈ మూడూ కుదిరే చోట్లు సిటీలో బాగానే ఉన్నాయి.

రవీంద్రభారతి నా మొదటి ఓటు. 1961లో టాగోర్ శతజయంతికి కట్టిన హాలు, అసెంబ్లీకి దగ్గర్లో ఉంది, రెడ్ లైన్‌లో లక్డీకాపూల్ గానీ అసెంబ్లీ స్టేషన్ గానీ దిగి నడిచిపోవచ్చు. కూచిపూడి, పద్యనాటకం, జానపదం, సంగీతం, పుస్తకావిష్కరణ, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. అక్కడే పైడి జయరాజ్ పేరు మీద ఒక చిన్న ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి వెళ్ళి మూకీల కాలంలోనే హీరో అయి, 1980కి గాను దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మనిషి ఆయన. ఆ హాల్లో షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు వేస్తుంటారు. సినిమా పిచ్చి ఉన్న జూనియర్లని పెద్ద హాలుకంటే ముందు అక్కడికి తీసుకెళ్ళండి, డైరెక్టర్‌గా వచ్చి కూర్చున్నది వాళ్ళ వయసు కుర్రాడే అయి ఉండొచ్చు, షో అయ్యాక లేచి ప్రశ్న అడగొచ్చు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఇంకా చిన్నది, ఇంకా ఇంటిలా ఉంటుంది. గ్రీన్ లైన్‌లో చిక్కడపల్లి స్టేషన్. ఎక్కువగా పెద్దవాళ్ళు వస్తారు, ముందు వరసలో కూర్చున్న తాతగారు పాట మధ్యలో తల తిప్పి మీ జూనియర్‌కి ఇది ఫలానా రాగం అని చెప్పేసినా ఆశ్చర్యపోవద్దు. శాస్త్రీయ సంగీతం తెలిసిన ఒక్క మనిషైనా గుంపులో ఉంటే బాగుంటుంది. లేకపోయినా పాత సినిమా పాటల విభావరి అయితే అందరికీ ఎక్కేస్తుంది.

లామకాన్ మాత్రం వేరే లోకం. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 లోపలి సందులో పాత ఇల్లు, 2010 నుంచి అందరికీ తెరిచిపెట్టిన సాంస్కృతిక వేదిక. నాటకం, ముషాయిరా (ఉర్దూ కవుల సభ), స్టాండప్, చర్చ, డాక్యుమెంటరీ, ఏదీ లేని రోజు ఊరికే కూర్చుని చదువుకునే వాళ్ళు. చాయ్, సమోసా చవక, అందుకే స్టూడెంట్లు వదలరు. కొన్ని కార్యక్రమాలు ఉచితం, కొన్నిటికి టికెట్. ఇర్రం మంజిల్ గానీ పంజాగుట్ట గానీ దిగి ఆటో ఎక్కాలి. తెలుగు రాని పిల్లలు మీ గుంపులో ఉంటే మొదటి ట్రిప్‌కి ఇదే బెస్ట్.

అన్నట్టు, ఈ భాష సంగతి చాలామంది మర్చిపోతారు. హెచ్‌సీయూ, ఇఫ్లూ లాంటి చోట్ల కేరళ నుంచి, అస్సాం నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు బోలెడు మంది. వాళ్ళని రెండు గంటల తెలుగు ప్రసంగాలకి తీసుకెళ్ళి పక్కన కూర్చుని "అంటే ఏమన్నాడంటే" అని చెవిలో చెబుతుంటే వాళ్ళకీ నరకం, ముందు వరస వాళ్ళకీ నరకం. డాన్స్ అయితే సమస్యే లేదు. సురభి వాళ్ళ నాటకం పడితే అసలు వదలకండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబం అది, ఇప్పటికీ తరాలుగా అదే పని. రంగుల తెరలు, పాత్రలు గాల్లోకి లేవడం, ఉన్నట్టుండి వేదిక మీద మనిషి మాయమైపోవడం, ఇవన్నీ కళ్ళ ముందు తాళ్ళతో, దీపాలతో చేస్తారు, కంప్యూటర్ లేదు ఏమీ లేదు. పద్యం ఒక్క ముక్క అర్థంకాని వాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. ముందు సీట్లు పట్టుకోండి, ఎందుకంటే పక్కకి కూర్చుంటే ఆ తాళ్ళు కనిపించి సగం మజా పోతుంది.

మాదాపూర్ శిల్పారామం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, హైటెక్ సిటీ మెట్రో దిగి వెళ్ళొచ్చు, ఎంట్రీ టికెట్ ఉంటుంది, వీకెండ్ సాయంత్రాలు ఆరుబయట వేదిక మీద నాట్యం పెడుతుంటారు. షాపింగ్ చేసే వాళ్ళు షాపుల్లో తప్పిపోతారు, అదొక్కటే ఇబ్బంది. అక్కడికి కాస్త దూరంలో కావూరి హిల్స్ వైపు స్టేట్ ఆర్ట్ గ్యాలరీ కూడా ఉంది, రెండూ ఒకే సాయంత్రం కలిపేయొచ్చు.

సాలార్‌జంగ్‌కి ఒక పూట

మ్యూజియం అనగానే జూనియర్లు ముఖం పెడతారు, స్కూల్లో వరసగా నిలబెట్టి పరుగెత్తించిన జ్ఞాపకం. అందుకని మొత్తం చూపించాలన్న ఆశ వదిలెయ్యండి, సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్కరోజులో అయ్యేది కాదు. శుక్రవారం సెలవు, ఆదివారం జనం. శనివారం పదకొండుకి లోపలుండేలా వెళ్ళండి. రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ కలిసే ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి ఓపికుంటే నడక, లేకపోతే ఆటో. పెద్ద బ్యాగులు బయట పెట్టాల్సిందే.

ముందు ముసుగు రెబెకా. ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ, ముఖం మీద ఉన్న పల్చటి ముసుగు కూడా రాయే అని చెబితే నమ్మరు, దగ్గరికెళ్ళి తలొంచి చూస్తారు. తర్వాత ఒకవైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక అద్దంలో మార్గరెట్టా అనే అమ్మాయి కనిపించే చెక్క శిల్పం. ఈ రెండూ అయ్యేసరికి పన్నెండుకి పావుగంట తక్కువ అవుతుంది, అప్పుడు గబగబా గడియారం హాలుకి పట్టుకెళ్ళండి. గంట గంటకీ లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి వెళ్ళిపోతుంది, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, అందుకే ఆ టైంకి జనం ముందే వచ్చి కూర్చుంటారు. అంతమంది పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు, ఒక అంగుళం బొమ్మ కోసం తలలెత్తి ఎదురుచూడటం బొమ్మకంటే బాగుంటుంది, నన్నడిగితే.

ఆ తర్వాత లోపల ఎవరికి నచ్చిన చోటికి వాళ్ళు, రెండింటికి మెయిన్ గేటు దగ్గర. కత్తులు, డాళ్ళు ఉన్న గది దగ్గర కొందరు ఇరుక్కుపోతారు, చైనా పింగాణీ దగ్గర కొందరు. బయటికొచ్చాక మదీనా మీదుగా చార్మినార్ దాకా నడిచి, నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. సాయంత్రం నాలుగున్నర అయిదుకల్లా తిరుగు ప్రయాణం. హాస్టల్ గేటు టెన్షన్ ఉన్న అమ్మాయిలకి పగటిపూట ట్రిప్ ఇలాంటిదొకటి కచ్చితంగా ఉండాలి, అన్నీ సాయంత్రాలే పెడితే వాళ్ళు నెమ్మదిగా రావడం మానేస్తారు, మీరేమో వాళ్ళకి ఇంట్రెస్ట్ లేదనుకుంటారు.

ఆటలు

ఐపీఎల్ చూద్దాం అని అందరూ అంటారు. ఉప్పల్ స్టేడియం వాతావరణం బాగుంటుంది, కాదనను, బ్లూ లైన్‌లో స్టేడియం అనే పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. కానీ మొదటి సెమిస్టర్‌లో వచ్చిన పిల్లలకి ఆ సీజన్ మార్చి దాకా రాదు, టికెట్ అందరికీ అందే ధర కాదు, పది సీట్లు ఒకేచోట దొరకవు. వెళ్తే మాత్రం జేబులు ఖాళీగా వెళ్ళండి. బ్యాగు, పవర్‌బ్యాంక్, నీళ్ళ సీసా, హెల్మెట్, పెర్ఫ్యూమ్, లైటర్, బయటి తిండి, ఒక్కోసారి పెన్ను, చిల్లర నాణేలు కూడా ఆపేస్తారు. బండి మీద వచ్చిన వాళ్ళు హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలీక గేటు దగ్గర ఏడుస్తుంటారు. రాత్రి మ్యాచులకి మెట్రో వాళ్ళు ఆఖరి రైళ్ళ టైం పొడిగిస్తుంటారు, అది ముందే ప్రకటిస్తారు, ఆ ప్రకటన చూశాకే టికెట్లు కొనండి. ఆ రాత్రికి హాస్టల్లో లేట్ పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట మీద ఉండొద్దు.

దానికంటే నేను చెప్పేది రంజీ మ్యాచ్. అక్టోబర్ నుంచి సీజన్, హైదరాబాద్ సొంత మ్యాచ్ ఇక్కడ ఉందా లేదా అన్నది ముందే షెడ్యూల్‌లో తెలిసిపోతుంది. మామూలుగా టికెట్ ఉండదు, అయినా ఏ గేటు నుంచి వదులుతున్నారో కనుక్కుని వెళ్ళండి. సిరాజ్, తిలక్ వర్మ ఇండియాకి ఆడకుండా ఖాళీగా ఉంటే కనిపించేది ఈ జట్టులోనే. ఖాళీ స్టాండులో కాళ్ళు చాపుకుని కూర్చుంటే కీపర్ అరుపులు కూడా వినిపిస్తాయి, క్రికెట్ తెలియని వాళ్ళకి ఫీల్డింగ్ ఎందుకు మార్చారో చెప్పడానికి బోలెడంత టైం ఉంటుంది. నాలుగు రోజుల మ్యాచ్ కాబట్టి ఎప్పుడు వెళ్ళినా, ఎప్పుడు లేచినా ఎవరికీ కోపం రాదు.

క్రికెట్ అంటే పడని వాళ్ళకి గచ్చిబౌలి. ప్రొ కబడ్డీ హైదరాబాద్‌లో జరిగిన సంవత్సరాల్లో తెలుగు టైటాన్స్ మ్యాచులు అక్కడి ఇండోర్ స్టేడియంలో పెడుతుంటారు, సాయంత్రం ఒక్క టికెట్‌తో సాధారణంగా రెండు మ్యాచులు, ఊళ్ళో కబడ్డీ ఆడొచ్చిన కుర్రాడు ఆ రోజు మీ గుంపుకి హీరో. హెచ్‌సీయూ వాళ్ళకైతే పక్కనే. ఫుట్‌బాల్ పిల్లలుంటే ఎల్బీ స్టేడియం పక్క నుంచి వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పండి: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చిన ఇండియా జట్టుకి కోచ్ రహీం సాబ్ హైదరాబాదీ అని. మలయాళీ, బెంగాలీ పిల్లలు కూడా అప్పుడు కాస్త తగ్గుతారు. ఆగస్టులో సిటీ మారథాన్ ఉంటుంది, పరుగెత్తలేని వాళ్ళు వాలంటీర్లుగా పేరివ్వచ్చు, తెల్లవారుజామున మంచినీళ్ళ స్టాల్ దగ్గర నిలబడితే స్నేహాలు వాటంతట అవే అవుతాయి.

పండగలు, జాతరలు

వీటిలో జాగ్రత్త ఎక్కువ, ప్లానింగ్ తక్కువ పనికొస్తుంది. బోనాలు ఆషాఢంలో, గోల్కొండలో మొదలై సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, లాల్‌దర్వాజ దాకా వారాల వారీగా. కొత్త బ్యాచ్ ఆగస్టు సెప్టెంబర్లలో వస్తే అవి అయిపోయి ఉంటాయి, రెండో ఏడాదికి దాచుకోండి. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్‌కి కొత్తవాళ్ళని నేనైతే తీసుకెళ్ళను. ఫోన్లు కలవవు, ఒకసారి విడిపోతే అంతే. దానికి బదులు నిమజ్జనానికి ముందు శని ఆదివారాలు కాని ఏదో ఒక రోజు పొద్దున్నే ఖైరతాబాద్ వెళ్ళి గణేశుణ్ణి చూసి రండి, మెట్రో స్టేషన్ అక్కడే. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైంది ఇప్పుడు తలెత్తితే మెడ నొప్పి పుట్టేంత అయింది.

బతుకమ్మకి చిక్కు ఏంటంటే, సద్దుల బతుకమ్మ నాటికి కాలేజీకి దసరా సెలవులు, ఆడటం తెలిసిన అమ్మాయిలంతా ఇళ్ళకి వెళ్ళిపోతారు. అందుకే చాలా క్యాంపసుల్లో సెలవులు ఇచ్చే ముందురోజే ఆడేస్తారు. మీ గుంపుని బయటికి తీసుకెళ్ళడం కాదు, వరంగల్, కరీంనగర్, నల్గొండ అమ్మాయిలని ముందు పెట్టి మిగతా వాళ్ళని వాళ్ళ వెనక నిలబెట్టండి. తంగేడు, గునుగు, బంతి పూలు తేవడం అబ్బాయిల పని. కోస్తా నుంచి వచ్చిన పిల్లలకి ఇది కొత్త, మొదటి పాటకి సిగ్గుపడతారు, మూడో పాటకి చప్పట్లు పడతాయి.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్, అంటే పెద్ద ఎగ్జిబిషన్. 1938లో ఉస్మానియా గ్రాడ్యుయేట్లే పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు, ఇప్పుడు నాంపల్లి గ్రౌండ్స్‌లో. గాంధీ భవన్ స్టేషన్ దిగితే గేటు దగ్గరే. ఆదివారం వెళ్తే జనం తప్ప ఏమీ కనపడదు, మామూలు రోజు సాయంత్రం వెళ్ళండి. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ కూడా ఇదే లెక్క, పుస్తకాలు కొనేవాడు ఒకడుంటే మోసేవాళ్ళు నలుగురుంటారు.

డబ్బు, అనుమతి, మర్యాద

టికెట్ ఉన్న ప్రోగ్రాంకి ముందే యూపీఐలో తీసుకోండి, డబ్బు వచ్చాకే బుక్ చేయండి. మిగతా ఖర్చు ఎవరిది వాళ్ళు. "ఈసారి నేను పెట్టేస్తాలే" అనే సీనియర్ మంచివాడే, కానీ తర్వాతి ట్రిప్‌కి జూనియర్లు మొహమాటపడతారు. అసలు డబ్బుల్లేక రాలేకపోతున్నవాడు ఉంటే ఎవరికీ తెలియకుండా విడిగా చూసుకోండి, గ్రూపులో అడగొద్దు. నాలుగు ట్రిప్పుల్లో మూడు టికెట్ లేనివే పెడితే ఈ గొడవే సగం ఉండదు.

బస్సు సంగతి. మహాలక్ష్మి పథకం కింద ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకి జీరో టికెట్, అది తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే. ఆంధ్ర అడ్రస్ ఆధార్ ఉన్న అమ్మాయి బస్సెక్కి కండక్టర్ దగ్గర ఇబ్బంది పడకుండా ముందే చెప్పండి, చిల్లర దగ్గర పెట్టుకుంటుంది.

బలవంతం మాత్రం వద్దు. ఇష్టం లేని జూనియర్‌ని రమ్మని ఒత్తిడి చేయడం, వాళ్ళతో ఖర్చు పెట్టించడం సరదాగా అనిపించొచ్చు గానీ 2009 యూజీసీ నిబంధనల ప్రకారం జూనియర్ల మీద బలవంతంగా ఖర్చు మోపడం ర్యాగింగే. రానన్నవాళ్ళని కారణం అడగకండి. "సరే, తర్వాతిది చెప్తాను" అంటే చాలు, వాళ్ళే మూడోసారికి వస్తారు.

వెళ్ళేముందు వార్డెన్‌కి పేర్లు, చోటు, తిరిగొచ్చే టైం రాసిచ్చి ఔట్‌పాసులు తీసుకోండి. ఒక సీనియర్ అమ్మాయి లేకుండా జూనియర్ అమ్మాయిలని సాయంత్రం ట్రిప్‌కి తీసుకెళ్ళొద్దు, ఇందులో మొహమాటం లేదు. నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళు వస్తుంటే, మెట్రో స్టేషన్లలో లిఫ్టులుంటాయి గానీ హాలు మెట్ల సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒక్కొక్కరూ విడిగా బైక్ ట్యాక్సీలు ఎక్కి ఎటో వెళ్ళిపోకుండా తిరిగి రావడం కూడా కలిసే. ఎవరైనా మధ్యలో బంధువుల ఇంటికి దిగిపోతే చేరాక మెసేజ్ పెట్టాలి, మెసేజ్ రాకపోతే మీరు ఫోన్ చేయాలి.

ప్రోగ్రాములు ఎక్కడ తెలుస్తాయి అంటే, తెలుగు పేపర్ల సిటీ పేజీల్లో నగరంలో ఈ రోజు ఏముందో చెప్పే చిన్న కాలమ్ ఉంటుంది, లైబ్రరీలో రోజూ ఒక నిమిషం చూస్తే చాలు. రవీంద్రభారతి బయట బోర్డులు, లామకాన్ నెలవారీ షెడ్యూల్, టికెట్ ఉన్నవాటికి బుక్‌మైషో. ఒక షేర్డ్ క్యాలెండర్ పెట్టి ఎవరికి కనిపించింది వాళ్ళు అందులో వేసెయ్యమనండి.

మూడో ట్రిప్ నాటికి ఆ క్యాలెండర్ నుంచి ఏదో ఒకటి ఎంచుకునే పని ఒక జూనియర్‌కి ఇవ్వండి, గ్రూప్ అడ్మిన్ కూడా చేసెయ్యండి. ఎవరో అనర్గళంగా మాట్లాడేవాడికి కాదు, శుక్రవారం రాత్రి విడిగా "ఎంత అవుతుంది అన్నా" అని అడిగాడే, వాడికి. ఆ రోజు మీరు వెనక వరసలో కూర్చోండి. గేటు ఎన్నింటికి మూస్తారో లెక్కేశాడా లేదా, అదొక్కటే చూసుకోండి.